స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ: చేరే ముందు, చేరాక ఏం చేయాలి

"స్పోర్ట్స్ సైన్స్ చదువుతున్నాను" అని ఊళ్ళో ఎవరితోనైనా అని చూడండి. "ఓహో, డ్రిల్లు మాస్టారు అవుతావన్నమాట" అంటారు. మా మేనత్త నన్ను చదువైపోయేదాకా అందరికీ అలాగే పరిచయం చేసింది. ఆవిడ తప్పేం లేదు. ఈ కోర్సులో చేరేవాళ్ళలోనే చాలామందికి తేడా తెలియదు. ఆట బాగా వచ్చు కాబట్టి చదువు కూడా సులువే అనుకుని వస్తారు, మొదటి సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ పుస్తకం చూసి బిత్తరపోతారు.

ఇది ఆడే చదువు కాదు, కొలిచే చదువు. పరుగెత్తేవాడికి ఆయాసం ఎందుకొచ్చింది, ఎంత వచ్చింది, వచ్చే నెలకి ఎంత తగ్గించగలం అని అడిగి, జవాబును అంకెల్లో రాయడం దీని పని. జిల్లా జట్టుకు ఆడినవాళ్ళు ఇందులో తప్పడం చూశాను. జీవితంలో ఒక్క కప్పూ గెలవని అమ్మాయి క్లాసులో మొదట రావడమూ చూశాను. మీకు ఆట మీద ప్రేమ ఉంటే మంచిదే. దాంతోపాటు నోట్‌బుక్ మీద కాస్త మమకారం కావాలి.

ముందు ఏ కోర్సో తేల్చుకోండి

పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఉద్యోగాలు మాత్రం వేరు. ఇక్కడ పొరపాటు పడితే మూడు నాలుగేళ్ళు పోతాయి.

స్కూల్లో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గానో, కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గానో స్థిరపడాలంటే మీకు కావలసింది బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో బ్యాచిలర్ పట్టా. అది డిగ్రీ అయ్యాక రెండేళ్ళు. ఇంటర్ తర్వాత నేరుగా చేరాలంటే డీపీఈడీ అనే డిప్లొమా ఉంది, అదీ రెండేళ్ళే. రెండింటికీ మన రెండు రాష్ట్రాల్లో పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. "రాయాలి" అన్నానుగానీ అక్కడ కాగితం, పెన్ను ఉండవు. వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, దూకడం లాంటి దేహదారుఢ్య పరీక్షలు, ఆపైన మీ ఆటలో నైపుణ్య పరీక్ష.

కోచ్ కావాలంటే పాటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమాకి ఇప్పటికీ విలువ ఉంది. 1961లో మోతీబాగ్ ప్యాలెస్‌లో మొదలైన సంస్థ అది. అక్కడ మీ ఆట రికార్డు చూస్తారు, అంటే ఏ స్థాయి దాకా ఆడారన్నది లెక్క.

గాయపడ్డ ఆటగాడికి వైద్యం చేయాలని ఉంటే అది ఫిజియోథెరపీ. దాని డిగ్రీ బీపీటీ చదవాలి. స్పోర్ట్స్ సైన్స్ పట్టాతో ఫిజియో బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలుసుకుని ఏడ్చినవాళ్ళున్నారు.

ఇవేవీ కాదు, ఆటగాడి ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుని శిక్షణను మలచాలంటే అప్పుడు బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్, లేదా ఎక్సర్‌సైజ్ అండ్ స్పోర్ట్స్ సైన్సెస్. మన దగ్గర బీపీఈడీ కాలేజీలే ఎక్కువ కాబట్టి దీనికోసం చాలామంది ఊరు దాటుతారు. చెన్నై పోరూరులోని శ్రీరామచంద్ర, కర్ణాటకలోని మణిపాల్ ఈ రంగంలో పేరున్నవి. మణిపూర్‌లో 2018 చట్టంతో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. గ్వాలియర్‌లోని ఎల్ఎన్ఐపీఈ (లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ) 1957 నుంచి ఉంది. ఝాన్సీ రాణి నేలకొరిగిన ఊరు కాబట్టి మొదటి స్వాతంత్ర్య సమరం నూరేళ్ళ సందర్భంగా ఆమె పేరుతో అక్కడ పెట్టారు. ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి 2021లో మొదటి వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళింది మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరే. ఇంట్లోవాళ్ళు "ఆటల్లో యూనివర్సిటీ ఏంటి" అంటే ఈ ఒక్క మాట పనికొస్తుంది, వాడుకోండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు?

బైపీసీ అయితే మొదటి ఏడాది తేలిగ్గా గడుస్తుంది, ఎంపీసీ అయితే బయోమెకానిక్స్ (ఒంటి కదలికల ఫిజిక్స్), స్టాటిస్టిక్స్ తేలిగ్గా ఉంటాయి. కొన్నిచోట్ల బయాలజీ తప్పనిసరి, కాబట్టి ఇంకా టెన్త్‌లోనే ఉంటే బైపీసీ తీసుకోండి. తీసుకున్నా ఫిజిక్స్‌ని మాత్రం వదలకండి. బలం, లీవర్ ఆర్మ్, టార్క్, త్వరణం అన్నీ మోకాలి రూపంలో మళ్ళీ ఎదురొస్తాయి.

ఫీజు కట్టేముందు ల్యాబ్ చూసి రండి

బ్రోషర్‌లో ట్రెడ్‌మిల్ మీద ముఖానికి మాస్క్ పెట్టుకుని పరుగెత్తే అబ్బాయి ఫొటో ప్రతి కాలేజీకీ ఉంటుంది. ఆ మాస్క్ గొట్టం వెళ్ళి కలిసే యంత్రం పేరు గ్యాస్ ఎనలైజర్. వదిలిన గాలిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో అది చెబుతుంది. ఈ చదువుకి గుండెకాయ లాంటిది, ఖరీదైనది కూడా.

క్యాంపస్‌కి వెళ్ళినప్పుడు యంత్రం ఉందా అని అడక్కండి. "కాలిబ్రేషన్ ఎవరు చేస్తారు, ఎప్పుడెప్పుడు చేస్తారు?" అని అడగండి, అంటే తెలిసిన గాలి సిలిండర్‌తో యంత్రం కొలతని సరిచూడటం. అక్కడి మనిషి ఠక్కున సిలిండర్ చూపించి రిజిస్టర్ తీస్తే యంత్రం రోజూ నడుస్తున్నట్టు. తాళంచెవి కోసం వెతుకులాట మొదలైతే మిగతాది మీరే ఊహించుకోవచ్చు. నేనొకచోట కవరు ఎత్తించి చూశాను, దుమ్ముకి తుమ్ములొచ్చాయి.

ఇంకో రెండు ప్రశ్నలు. ప్రాక్టికల్ బ్యాచ్‌లో ఎంతమంది? బయటి అకాడమీలో, ఆసుపత్రిలో పనిచేసే గంటలు మొత్తం ఎన్ని? రెండో దానికి "ఇంటర్న్‌షిప్ ఉంటుందండీ" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి, అంకె చెప్పమనండి. ఆఖరి ఏడాది విద్యార్థి ఎవరైనా క్యాంటీన్‌లో దొరికితే ఒక టీ ఇప్పించి ఇవే ప్రశ్నలు మళ్ళీ అడగండి.

విదేశానికి వెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఆస్ట్రేలియాలో అయితే ఆ కోర్సుకి ఈఎస్ఎస్ఏ అనే వృత్తి సంఘం గుర్తింపు ఉందో లేదో యూనివర్సిటీ పేరుకన్నా ముందు చూడాలి. అక్కడ ఎక్సర్‌సైజ్ సైంటిస్ట్ వేరు, రోగులతో పనిచేసే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ వేరు. మొదటిదానికి 140 గంటల ప్రాక్టికం (బయట చేసే పని అనుభవం), రెండోదానికి దానిపైన మరో 360. మూడేళ్ళ డిగ్రీ చేసి రెండోది అయిపోయామనుకునేవాళ్ళు కన్సల్టెన్సీ మాటలు నమ్మినవాళ్ళే.

మొదటి నెల: మాటలతో కుస్తీ

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళని భయపెట్టేది సబ్జెక్టు కాదు, దాని మాటలు. నిజానికి ఇంగ్లీష్ మీడియం వాళ్ళకీ అవి కొత్తే, ఎందుకంటే అందులో సగం గ్రీకు, లాటిన్. కాబట్టి మొత్తం మాటని బట్టీ పట్టకుండా విరగ్గొట్టండి. మయో అంటే కండరం, ఆస్టియో అంటే ఎముక, కార్డియో అంటే గుండె, చివర ఐటిస్ ఉంటే వాపు. ట్రోఫీ అంటే పోషణ: హైపర్‌ట్రోఫీ అంటే కండ పెరగడం, అట్రోఫీ అంటే కరగడం. ఇలాంటి ముక్కలు ఓ వంద పట్టుకుంటే కొత్త మాట ఎదురైనప్పుడు మీరే విప్పుకోగలరు.

అందర్నీ తికమక పెట్టే జంట ఒకటుంది, అబ్డక్షన్, అడక్షన్. వినడానికి ఒకేలా ఉంటాయి, వైవాలో కచ్చితంగా అడుగుతారు. కిడ్నాప్ చేసి ఎత్తుకుపోవడాన్నీ అబ్డక్షన్ అనే అంటారు. చెయ్యి ఒంటి నుంచి దూరంగా పోతే అది. కూడికని యాడ్ అంటాం కదా, చెయ్యి తిరిగొచ్చి ఒంటితో కలిస్తే అడక్షన్.

కండరాల పేర్లు పుస్తకంలో చూస్తూ నేర్చుకుంటే వారంలో మర్చిపోతారు. రూమ్మేట్ కాలు పట్టుకోండి. పిక్కలో పైకి ఉబ్బి కనిపించేది గ్యాస్ట్రోక్నీమియస్, దాని కింద దాక్కున్నది సోలియస్. మోకాలు మడిచి మునివేళ్ళ మీద లేపిస్తే పని ఎక్కువగా సోలియస్ మీదికి వెళ్తుంది, చాపి లేపిస్తే గ్యాస్ట్రోక్నీమియస్ కూడా పూర్తిగా దిగుతుంది. వేలితో నొక్కి చూసిన కండరాన్ని పరీక్షలో మర్చిపోవడం కష్టం.

ఆ తర్వాత: మీ ఒంటి మీదే మొదలుపెట్టండి

ఈ శాస్త్రం పుట్టిందే అలా. ఏ.వి.హిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కండరాల వేడి మీద చేసిన పనికి 1922 నోబెల్ అందుకున్నవాడు. వదిలిన గాలిని పట్టే సంచి వీపున కట్టుకుని పచ్చిక మైదానంలో తనే గుండ్రంగా పరుగెత్తాడు. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తికి ఒక పైహద్దు ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. ఈరోజు దాన్నే వీఓ2 మ్యాక్స్ అంటున్నాం. మీకు సంచి అక్కర్లేదు. ల్యాబ్ తాళం తీసేదాకా ఆగకుండా ఈ నాలుగూ చేయండి.

*పొద్దుటి నాడి.* నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నిండా అరవై సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు దెబ్బల తప్పవుతుంది. ముప్పై రోజులు రాయండి. పక్కన నిద్ర ఎన్ని గంటలు, ముందురోజు సాధన ఎంత, జ్వరం, పెళ్ళి భోజనం, అన్నీ రాయండి. నెల తిరిగేసరికి మీ గుండె మీతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నాది ప్రతి పరీక్షకు ముందు రోజూ నాలుగైదు దెబ్బలు పెరిగేది, నేను ధైర్యంగానే ఉన్నాననుకున్నప్పుడు కూడా.

*పన్నెండు నిమిషాల పరుగు.* కూపర్ పరీక్ష, 1968 నాటిది. 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పోగలరో చూడండి. వచ్చిన మీటర్లలోంచి 504.9 తీసేసి, 44.73తో భాగించండి. సరిగ్గా ఆరు రౌండ్లు వస్తే 2400 మీటర్లు, లెక్క 42.4కి తేలుతుంది. కిలో బరువుకి నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ అన్నమాట. ఇది అంచనా మాత్రమేనని గుర్తుంచుకోండి. మొదటి రెండు రౌండ్లు ఆవేశంగా పరుగెత్తి తర్వాత నడిచేవాడికి ఫలితం తక్కువొస్తుంది. అక్కడ తక్కువైంది ఊపిరి కాదు, అనుభవం. వారం తర్వాత మళ్ళీ పరుగెత్తి తేడా చూడండి.

*దూకే ఎత్తు.* ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే చాలు. సెకనుకి 240 ఫ్రేములు తీసే సెట్టింగ్ పెట్టి, స్నేహితుడి పాదాల ఎత్తున ఫోన్ నిలబెట్టి, నిలువుగా దూకమనండి. పాదం నేల వదిలిన ఫ్రేము నుంచి తిరిగి తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 120 ఫ్రేములొస్తే గాల్లో ఉన్నది అర సెకను. ఆ కాలాన్ని వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే 0.307 మీటర్లు, అంటే దగ్గర దగ్గర 31 సెంటీమీటర్లు. ఇప్పుడు అదే మనిషిని దిగేటప్పుడు మోకాళ్ళు ముడుచుకుని దిగమనండి. ఎత్తు "పెరుగుతుంది". నిజంగా పెరగలేదు, నేల తాకడం ఆలస్యమైంది, అంతే. కొలత ఎలా మోసపోతుందో ఇంతకన్నా చవకగా నేర్పే ప్రయోగం నాకు తెలియదు. కొందరు కుర్రాళ్ళు ఈ కిటుకు తెలిసే ముడుస్తారు, కనిపెట్టి ఉండండి.

*చెమట లెక్క.* సాధనకి ముందు, తర్వాత, చెమట తుడుచుకుని, వీలైనంత తక్కువ బట్టల మీద బరువు చూడండి. ముందు 60 కిలోలు, గంట తర్వాత 59.2, మధ్యలో తాగింది అర లీటరు అనుకుందాం. మూత్రానికి వెళ్ళకపోతే పోయిన చెమట 1.3 లీటర్లు. ఒంటి బరువులో రెండు శాతం, అంటే ఇతనికి 1.2 కిలోలు తగ్గితే ఓర్పు పడిపోవడం మొదలవుతుందని పుస్తకాల మాట. ఇతను 0.8 దగ్గర ఆగాడు, తాగిన అర లీటరు కాపాడింది. ఇదే లెక్క డిసెంబర్‌లో అరకులో ఒకలా, మే నెలలో రెంటచింతలలో మరోలా వస్తుంది. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. సెలవుల్లో ఏసీ గదిలో ఉండి వచ్చిన పిల్లల్ని మొదటి రోజే మధ్యాహ్నం పరిగెత్తించే కోచ్‌లకి ఈ సంగతి చెప్పాల్సింది మీరే.

ఒక్క హెచ్చరిక. గుండె జబ్బు, గుండెనొప్పి, కళ్ళు తిరగడం లాంటి చరిత్ర ఉంటే డాక్టర్‌కి చూపించుకోకుండా పన్నెండు నిమిషాల పరుగు పెట్టుకోవద్దు.

పాఠాన్ని మీ ఆటలోకి తెచ్చుకోండి

ఫిజియాలజీలో అందరూ తడబడేది శక్తి వ్యవస్థల దగ్గర. పుస్తకంలో పట్టిక ఉంటుంది, పట్టిక తలకెక్కదు. కబడ్డీ తీసుకోండి. కూతకి ముప్పై సెకన్లు. గీత దాటి మెరుపులా కాలు చాపిన ఆ మొదటి కొద్ది సెకన్లకి కండరంలో అప్పటికే ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ శక్తి నిల్వలు చాలు, చేతిలో చిల్లర లాంటివవి. చీలమండ పట్టుకున్న డిఫెండర్‌తో పెనుగులాట సాగితే కండరంలో దాచిన పిండిపదార్థం గ్లైకోజెన్‌ని హడావిడిగా విరగ్గొట్టుకోవాలి. బతికి వెనక్కొచ్చి మళ్ళీ కూతకి వెళ్ళేదాకా ఆ చిల్లరని తిరిగి నింపేది ఆక్సిజన్. అందుకే అరగంట దాటాక గెలిచేది తరచుగా బలమైనవాడు కాదు, త్వరగా కోలుకునేవాడు. మీది ఖోఖో అయినా, బ్యాడ్మింటన్ అయినా ఇలాగే విడగొట్టి రాసుకోండి.

రాసుకుంటున్నప్పుడు గ్రౌండ్‌లో విన్న మాటల్ని కూడా ఒకసారి పరీక్షకి పెట్టండి. "నిన్న బాగా ఆడావ్, ఒంట్లో లాక్టిక్ యాసిడ్ నిలిచిపోయింది, అందుకే తొడల నొప్పి" అని మీ పాత కోచ్ అని ఉంటారు. ఆ లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం లాక్టేట్, అది ఆట ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే వచ్చే నొప్పి, అలవాటు లేని పనికి, ముఖ్యంగా సాగుతూ బరువు మోసే పనికి, కండరపు పోగులు దెబ్బతినడం వల్ల. కోచ్‌గారితో వాదనకి దిగకండి, ఆయన దగ్గరే రేపు మీరు ప్రాక్టికం చేయాలి.

"220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం" అన్నదీ అంతే. 19 ఏళ్ళకి 201 వస్తుంది. 2001లో వచ్చిన మరో సూత్రం, 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేయడం, 195 దగ్గర ఆగుతుంది. ఒకే వయసున్న ఇద్దరి మధ్యే ఇంతకన్నా పెద్ద తేడా ఉండొచ్చు. సూత్రం అందరికీ సగటు, మీ ఆటగాడు ఒక్కడు.

ఆహారం అసైన్‌మెంట్‌కి మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన భారతీయ ఆహార పట్టికలు వాడండి. విదేశీ యాప్‌కి జొన్నరొట్టె, గోంగూర ఎక్కడ తెలుస్తాయి?

స్టాటిస్టిక్స్‌ని వాయిదా వేయకండి

సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయన్నది), టీ టెస్ట్ (రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసేది) ఈ మూడూ రెండో సెమిస్టర్ అయ్యేలోపు చేతికి అలవాటు కావాలి. పైన రాసుకున్న ముప్పై రోజుల నాడినే స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి సాధన చేయండి. సొంత అంకెలైతే విసుగు తగ్గుతుంది.

ఇంకొకరి ఒళ్ళు తాకే ముందు

అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, తోటి విద్యార్థి అయినా సరే. పార్‌క్యూ అని ఏడు ప్రశ్నల పత్రం ఉంటుంది, గట్టి పరీక్ష ఏది పెట్టినా ముందు అది నింపించాలి. కాలిపర్‌తో (చర్మపు మడత మందం కొలిచే పట్టకారు) అమ్మాయిల కొవ్వు మందం కొలవాలంటే కొలిచేది అమ్మాయే అయ్యేలా చూడండి, గదిలో మూడో మనిషి ఉండాలి. వచ్చిన అంకె గురించి బయట నవ్వులాటలు వద్దు. పద్దెనిమిదేళ్ళ పిల్ల బరువు క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పడితే తర్వాత ఏమవుతుందో నేను చూశాను, అది మళ్ళీ చూడాలని లేదు.

డోపింగ్ గురించి కూడా మొదటి ఏడాదే తెలుసుకోండి. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత మందుల జాబితా ఏటా జనవరి 1 నుంచి కొత్తగా అమల్లోకి వస్తుంది. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, "డబ్బా మీద రాయలేదు" అన్నా చెల్లదు. మీరు మూడో ఏడాదికి వచ్చేసరికి జిమ్‌లో కుర్రాళ్ళు పౌడర్ డబ్బాలు తెచ్చి "అన్నా, ఇది వాడొచ్చా?" అంటారు. తెలియకపోతే తెలియదనే చెప్పండి.

ప్రాక్టికం, ఉద్యోగం

పెద్ద అకాడమీ పేరు కోసం ఎగబడి అక్కడ కోన్లు మోసేకన్నా, చిన్న చోట చేరి పరీక్షలు మీ చేత్తో పెట్టడం మేలని నా అభిప్రాయం. జిల్లా క్రీడా పాఠశాలలో ముప్పైమంది పిల్లలకి మూడు నెలలకోసారి దూకే ఎత్తు, పరుగు కొలిచి పట్టిక చేసి కోచ్ చేతికిస్తే, ఇంటర్వ్యూలో చూపించడానికి మీ దగ్గర ఒక వస్తువు ఉంటుంది. కోచ్‌కి ఇచ్చేది ఒక్క పేజీ దాటకూడదు. అందులో "సోలియస్" అనే మాట ఉండకూడదు.

ఉద్యోగాల సంగతి దాచను. స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్ (బలం, దారుఢ్యం పెంచేవారు), పెర్ఫార్మెన్స్ అనలిస్ట్ (ఆటను అంకెల్లో విశ్లేషించేవారు) లాంటివి ఉన్నాయి, కానీ స్థిరమైనవి తక్కువ, మొదటి జీతం చూసి నాన్నగారు నిట్టూరుస్తారు. చాలామంది జిమ్‌లో మొదలుపెడతారు, అందులో చిన్నతనం లేదు. స్ట్రెంగ్త్ కోచ్‌ల కోసం ఉన్న సీఎస్‌సీఎస్ అనే అంతర్జాతీయ పరీక్షకి డిగ్రీ కావాలి, ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. సీపీఆర్ సర్టిఫికెట్ మాత్రం మొదటి ఏడాదే తెచ్చుకోండి.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు

అంశం ఎంత చిన్నదైతే అంత మంచిది. "కబడ్డీ ఆటగాళ్ళ ఫిట్‌నెస్ అధ్యయనం" అని రాసుకొస్తే గైడ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెడతారు. "వరుసగా మూడు కూతలు పెట్టాక దూకే ఎత్తు ఎంత తగ్గుతుంది, ఎన్ని నిమిషాలకి తిరిగొస్తుంది?" అన్నారనుకోండి, కావలసిందల్లా ఒక కోర్టు, ఒక ఫోన్, పన్నెండుమంది ఆటగాళ్ళు, వాళ్ళకి అరటిపళ్ళు. ఆటగాళ్ళు ఇద్దరు ఎలాగూ రారు కాబట్టి పధ్నాలుగుమందికి చెప్పండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియోలు బోలెడు చోటు తింటాయి, ముందు రోజు రాత్రే ఖాళీ చేసుకోండి.